జనం పెరిగితే నెట్‌వర్క్ బలపడుతుందా, కూలిపోతుందా? నాప్‌స్టర్ నుంచి టొరెంట్ దాకా పీర్ టు పీర్ లెక్క

బీటెక్ మూడో సంవత్సరంలో మినీ ప్రాజెక్ట్ కోసం నేనూ, ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి ఒక యాప్ చేశాం. ఐడియా చాలా సింపుల్. హాస్టల్లో ప్రతి ఒక్కరి ఫోన్‌లో ఏదో ఒక సబ్జెక్ట్ నోట్సో, పాత క్వశ్చన్ పేపరో ఉంటుంది. పరీక్ష ముందు రోజు రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో "ఓఎస్ యూనిట్ 4 ఎవరి దగ్గరైనా ఉందా" అని అడుక్కునే బదులు, యాప్‌లో టైప్ చేస్తే ఎవరి దగ్గర ఉందో వాళ్ల ఫోన్ నుంచే నేరుగా వచ్చేయాలి. మధ్యలో సర్వర్ ఉండదు. సర్వర్ అద్దెకి తీసుకోవడానికి మా దగ్గర డబ్బులు కూడా లేవనుకోండి, అది వేరే విషయం.

ల్యాబ్‌లో 10 ఫోన్లతో టెస్ట్ చేశాం. అదిరిపోయింది. అదే ఊపులో హాస్టల్లో మా ఫ్లోర్ మొత్తం, అంటే 60 ఫోన్లలో ఇన్‌స్టాల్ చేయించాం. రాత్రి 10 గంటలకి అందరం ఒకేసారి సెర్చ్ కొట్టాం. రెండు నిమిషాల్లో ఫ్లోర్ వైఫై మొత్తం పడిపోయింది. "మామా, ముందు నీ యాప్ ఆపరా బాబూ, మ్యాచ్ ఆగిపోయింది" అని పక్క రూముల్లోంచి కేకలు.

మర్నాడు మా గైడ్ సార్‌కి జరిగింది చెప్పాం. ఆయన తిట్టలేదు. ఒక్కటే అడిగారు: "60 మందికే ఇలా అయితే, 600 మంది వస్తే ఎంత లోడ్ పడుతుందో లెక్క వేశారా?" మా దగ్గర జవాబు లేదు. అసలు అలాంటి లెక్క ఒకటి ఉంటుందనే మాకు తోచలేదు.

ఈ ఆర్టికల్ ఆ లెక్క గురించే. ఇది మా హాస్టల్ సమస్య మాత్రమే కాదు. 1999 నుంచి ఇప్పటిదాకా వచ్చిన ప్రతి ఫైల్ షేరింగ్ నెట్‌వర్క్‌నీ ఈ లెక్కే పెంచింది, ఈ లెక్కే పడగొట్టింది.

ఒకే ఒక్క ప్రశ్న

ఏ పీర్ టు పీర్ నెట్‌వర్క్‌నైనా అర్థం చేసుకోవడానికి ఈ ప్రశ్న వేసుకుంటే చాలు: కొత్తగా ఒకరు చేరితే, వాళ్లు నెట్‌వర్క్‌కి తెచ్చే బలం ఎంత, పెట్టే పని ఎంత?

పెళ్లి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. వచ్చిన ప్రతివాళ్లూ విస్తరి ముందు కూర్చుంటే వంటవాళ్ల పని అయిపోయినట్టే. వచ్చినవాళ్లలో కొంతమంది లేచి వడ్డన అందుకుంటే ఎంతమంది వచ్చినా బంతి నడుస్తుంది. తెచ్చే బలం కంటే పెట్టే పని ఎక్కువైతే, నెట్‌వర్క్ ఎంత పాపులర్ అయితే అంత త్వరగా కూలిపోతుంది. ఈ ప్రశ్న పట్టుకుని ఒక్కో నెట్‌వర్క్‌నీ చూద్దాం.

నాప్‌స్టర్: సగం మాత్రమే పీర్ టు పీర్

1999లో అమెరికాలో షాన్ ఫ్యానింగ్ అనే కాలేజ్ కుర్రాడు, షాన్ పార్కర్‌తో కలిసి నాప్‌స్టర్ మొదలుపెట్టాడు. అప్పట్లో చాలామందికి డయల్-అప్ మోడెమే దిక్కు. అయినా 2001 ఫిబ్రవరికల్లా ప్రపంచవ్యాప్తంగా రెండున్నర కోట్లకి పైగా యూజర్లు వచ్చేశారు.

పని చేసే విధానం ఇలా ఉండేది. మీ కంప్యూటర్‌లో ఏ ఎంపీ3 పాటలు ఉన్నాయో ఆ లిస్ట్ నాప్‌స్టర్ సర్వర్‌కి వెళ్తుంది. మీరు పాట వెతికితే సర్వర్ తన లిస్ట్ చూసి "ఫలానా వాళ్ల దగ్గర ఉంది" అని చెప్తుంది. పాట మాత్రం ఆ మనిషి కంప్యూటర్ నుంచి మీ కంప్యూటర్‌కి నేరుగా వస్తుంది.

మన ప్రశ్న వేద్దాం. ఫైల్ పంపడం విషయంలో కొత్త యూజర్ బలం తెస్తున్నారు. ఎందుకంటే తన పాటలు, తన అప్‌లోడ్ స్పీడ్ రెండూ ఇస్తున్నారు. కానీ వెతకడం విషయంలో పనే తెస్తున్నారు. ఆ భారమంతా కంపెనీ సర్వర్ల మీదే పడుతుంది. కాబట్టి సర్వర్లు కొంటూ పోవాలి.

టెక్నికల్‌గా చూస్తే ఇది మోయలేని భారమేం కాదు. అసలు దెబ్బ కోర్టు నుంచి వచ్చింది. మ్యూజిక్ కంపెనీలు 1999 డిసెంబర్‌లోనే కేసు వేశాయి. లిస్ట్ కంపెనీ చేతిలోనే ఉంది కాబట్టి "ఆ లిస్ట్ మీదే కదా, మీరే ఆపండి" అనడం సులువైపోయింది. 2001 జూలైలో నాప్‌స్టర్ సర్వర్లు ఆగాయి. సర్వర్ ఆగిన రోజే, కోట్లమంది కంప్యూటర్లలో పాటలు అలాగే ఉన్నా, నెట్‌వర్క్ మాయమైపోయింది. మధ్యలో ఒక్క చోటు ఉంటే అది పోయినప్పుడు అన్నీ పోతాయి.

గ్నూటెల్లా: అందరినీ అడుగు

దీనికి విరుగుడుగా వచ్చిందే గ్నూటెల్లా. విన్‌యాంప్ ప్లేయర్ చేసిన నల్‌సాఫ్ట్‌లో జస్టిన్ ఫ్రాంకెల్, టామ్ పెప్పర్ దీన్ని రాసి 2000 మార్చిలో వదిలారు. అప్పటికి నల్‌సాఫ్ట్ ఏఓఎల్ చేతిలో ఉంది. వాళ్లు వెంటనే దాన్ని వెబ్‌సైట్ నుంచి తీయించేశారు. కానీ అప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లు ప్రోటోకాల్‌ని విప్పి చూసి, సొంత ప్రోగ్రామ్‌లు రాసుకున్నారు.

ఇందులో సర్వరే లేదు. మీ కంప్యూటర్ ఒక నాలుగు కంప్యూటర్లతో కనెక్ట్ అయి ఉంటుందనుకోండి. మీరు వెతికింది ఆ నలుగురికీ వెళ్తుంది. ఒక్కొక్కరూ తమకి తెలిసిన మిగతా ముగ్గురికీ పంపుతారు. వాళ్లు మళ్లీ ముగ్గురికి. ఇలా 7 అంచెలు దాటాక మెసేజ్ ఆగిపోతుంది. దీన్నే ఫ్లడింగ్ అంటారు. ఊళ్లో తప్పిపోయిన గేదె కోసం ఇంటింటికీ కబురు పెట్టినట్టు అనమాట.

లెక్క చూడండి. 4, 12, 36, 108, 324, 972, 2916. మొత్తం 4372 మెసేజ్‌లు. ఒకే ఒక్క సెర్చ్‌కి.

"ఏముంది, చిన్న మెసేజే కదా" అనిపిస్తుంది. నిజమే, ఒక్కోటి 80 బైట్ల దాకా ఉంటుంది, అంతే. కానీ అటువైపు నుంచి ఆలోచించండి. మీ ప్రశ్న 4372 మందికి వెళ్తుందంటే, సగటున 4372 మంది ప్రశ్నలు మీ దగ్గరికి కూడా వస్తాయి. ఒక్కొక్కరు రెండు నిమిషాలకి ఒక్కసారి వెతికారనుకుందాం. సెకనుకి 36 ప్రశ్నలు మీ కంప్యూటర్‌కి వస్తాయి, సగటున అన్నే మీరు ముందుకి పంపాలి. అంటే దాదాపు 23 కేబీపీఎస్. అప్పటి మంచి 56కే మోడెమ్‌కి అప్‌లోడ్ 33.6 కేబీపీఎస్ మాత్రమే. మీరు ఏమీ డౌన్‌లోడ్ చేయకుండా ఊరికే కూర్చున్నా, మీ అప్‌లోడ్‌లో మూడింట రెండొంతులు ఇతరుల ప్రశ్నలు మోయడానికే సరిపోయింది. అదే నిమిషానికి ఒక్కసారి వెతికితే 46 కేబీపీఎస్ దాటుతుంది. మోడెమ్ చేతులెత్తేస్తుంది.

ఇందులో జవాబులు, "నువ్వు ఉన్నావా" అని అడిగే పింగ్ మెసేజ్‌లు ఇంకా కలపలేదు.

ఇది కాగితం మీద లెక్కే కాదు, జరిగింది కూడా. 2000 జూలై చివర్లో నాప్‌స్టర్‌ని ఆపమని కోర్టు ఆర్డర్ ఇచ్చిందన్న వార్త రాగానే జనం గ్నూటెల్లా మీద పడ్డారు. మోడెమ్ యూజర్ల దగ్గర మెసేజ్‌లు పేరుకుపోయాయి, కనెక్షన్లు తెగిపోయాయి, నెట్‌వర్క్ ముక్కలు ముక్కలుగా విడిపోయింది. నాప్‌స్టర్ డెవలపర్లలో ఒకరైన జోర్డన్ రిట్టర్ 2001లో ఇలాంటి లెక్కలే వేసి, గ్నూటెల్లా ఎందుకు పెరగలేదో ఒక వ్యాసం రాశాడు.

ఇక మా హాస్టల్ యాప్‌కి వద్దాం. గ్నూటెల్లాలో ప్రతి మెసేజ్‌కీ ఒక ఐడీ ఉంటుంది. ఒకసారి చూసిన మెసేజ్ మళ్లీ వస్తే పడేస్తారు. మేం ఆ ఒక్క చెక్ పెట్టలేదు! దాంతో 60 ఫోన్లే ఉన్నా, ఒక్క సెర్చ్‌కి అదే 4372 మెసేజ్‌లు ఆ 60 ఫోన్ల మధ్యే గిరగిరా తిరిగాయి. 60 మందీ ఒకేసారి కొడితే 2,62,320 మెసేజ్‌లు. ల్యాబ్‌లో 10 ఫోన్లతో చేసినప్పుడు ఒకరి తర్వాత ఒకరం వెతికాం కాబట్టి దొరకలేదు.

చెక్ పెట్టాక? ఒక్క సెర్చ్‌కి 181 మెసేజ్‌లు చాలు. మొదటి ఫోన్ 4 పంపుతుంది, మిగతా 59 ఫోన్లు తలా 3. అందరూ కొట్టినా 10,860. హమ్మయ్య అనుకున్నాం. కానీ సార్ అడిగింది 600 గురించి. 600 మందికి ఇదే లెక్క వేస్తే 10,80,600. మనుషులు 10 రెట్లు పెరిగితే మెసేజ్‌లు 100 రెట్లు పెరిగాయి! బగ్ ఫిక్స్ చేసినా డిజైన్ మారలేదు.

సూపర్‌నోడ్స్: గట్టివాళ్ల మీద భారం

2001లో వచ్చిన కజా దీనికో మధ్యేమార్గం చూపించింది. అందరూ సమానం కాదు కదా. కొంతమందికి మంచి బ్రాడ్‌బ్యాండ్ ఉంటుంది, కంప్యూటర్ రోజంతా ఆన్‌లో ఉంటుంది. అలాంటివాళ్లని సూపర్‌నోడ్స్‌గా చేసి, చుట్టుపక్కల మామూలు యూజర్ల లిస్ట్ వాళ్ల దగ్గర పెట్టారు. సెర్చ్‌లు సూపర్‌నోడ్స్ మధ్యే తిరుగుతాయి. మోడెమ్ యూజర్ ప్రశాంతంగా ఉంటారు. తర్వాత గ్నూటెల్లా కూడా అల్ట్రాపీర్స్ పేరుతో ఇదే పద్ధతిలోకి వచ్చింది.

ఫ్లడింగ్ పోలేదు, కాకపోతే చిన్న గుంపుకి పరిమితమైంది. ఇక్కడ లిమిట్ వేరే చోట ఉంది: సూపర్‌నోడ్స్ ఒక్కసారిగా పోతే?

కజా చేసిన నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, యానుస్ ఫ్రీస్ తర్వాత 2003లో స్కైప్ పెట్టారు. అది ఫైల్ షేరింగ్ కాదు కానీ వెనక ఇదే సూపర్‌నోడ్ పద్ధతి. 2007 ఆగస్టు 16న స్కైప్ పడిపోయింది, కోలుకోవడానికి రెండు రోజులు పట్టింది. స్కైప్ ఇచ్చిన వివరణ ప్రకారం, విండోస్ అప్‌డేట్ తర్వాత ప్రపంచమంతటా కంప్యూటర్లు తక్కువ టైమ్‌లో రీస్టార్ట్ అయ్యాయి. రీస్టార్ట్ అయినవన్నీ ఒకేసారి లాగిన్ అవ్వడానికి ఎగబడ్డాయి. మోయాల్సిన పీర్లు అప్పటికే తగ్గిపోయి ఉన్నాయి. దానికి తోడు, నెట్‌వర్క్ తనంతట తాను కోలుకోవాల్సిన కోడ్‌లో ఒక బగ్ బయటపడింది.

బలం తగ్గిన క్షణంలోనే పని పెరిగింది, అదీ సమస్య. చివరికి 2012 నాటికి స్కైప్ యూజర్ల కంప్యూటర్లని సూపర్‌నోడ్స్‌గా వాడటం మానేసి, మైక్రోసాఫ్ట్ సొంత సర్వర్లనే ఆ స్థానంలో పెట్టింది.

డీహెచ్‌టీ: అందరినీ అడగకుండా దొరకబుచ్చుకోవడం

సర్వర్ లేకుండా, అందరినీ అడక్కుండా ఫైల్ కనుక్కోవచ్చా? 2001, 2002ల్లో రీసెర్చర్లు వరసగా దీనికి జవాబులు ఇచ్చారు. వాటిలో ఇప్పటికీ బాగా వాడుకలో ఉన్నది కాడెమ్లియా. 2002లో పీటర్ మేమౌంకోవ్, డేవిడ్ మాజియెర్ రాశారు. టొరెంట్ యాప్‌లో కనిపించే డీహెచ్‌టీ అంటే ఇదే.

ఐడియా ఇది. ప్రతి కంప్యూటర్‌కీ 160 బిట్ల నంబర్ ఒకటి. ప్రతి ఫైల్‌కీ అలాంటి నంబరే ఒకటి. ఫైల్ నంబర్‌కి ఎవరి నంబర్ దగ్గరగా ఉంటే, ఆ ఫైల్ ఎవరి దగ్గర దొరుకుతుందో గుర్తుపెట్టుకునే బాధ్యత వాళ్లది.

మరి ఆ దగ్గరివాళ్లని ఎలా పట్టుకోవాలి? తెలియని ఊళ్లో ఇంటి అడ్రస్ వెతికినట్టే. జిల్లా తెలిసినవాళ్లని అడిగితే మండలం వాళ్లని చూపిస్తారు, వాళ్లు ఊరు, ఊళ్లోవాళ్లు వీధి. ప్రతి అడుగులో మిగిలిన దూరం కనీసం సగం తగ్గుతుంది. కోటిమంది ఉన్న నెట్‌వర్క్‌లో కూడా 24 అడుగుల లోపే చేరిపోవచ్చు. నెట్‌వర్క్ రెట్టింపై రెండు కోట్లు అయితే? ఒక్క అడుగు పెరుగుతుంది, అంతే. గ్నూటెల్లాతో పోల్చండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇంకో చక్కటి పాయింట్. పాత గ్నూటెల్లా డేటా చూస్తే, ఎక్కువసేపటి నుంచి ఆన్‌లో ఉన్న కంప్యూటర్ ఇంకా కాసేపు ఉండే అవకాశమే ఎక్కువ అని తేలింది. అందుకే కాడెమ్లియా కొత్త పరిచయాల కంటే పాత పరిచయాలనే వదలకుండా పట్టుకుంటుంది.

మరి దీనికి లిమిట్ లేదా? ఉంది. ఒకటి, డీహెచ్‌టీకి కచ్చితమైన నంబర్ కావాలి. "ఓఎస్ నోట్స్ లాంటిది ఏదైనా" అని అడిగితే దానికి అర్థం కాదు. అందుకే టొరెంట్ వెతకడానికి మళ్లీ వెబ్‌సైట్లే దిక్కయ్యాయి. రెండు, జనం వస్తూ పోతూ ఉంటారు. 2013లో బయటికి వచ్చిన ఒక స్టడీ, బిట్‌టొరెంట్ మెయిన్‌లైన్ డీహెచ్‌టీలో కోటిన్నరకి పైగా యూజర్లు ఉన్నారనీ, ఒక్క రోజులోనే ఆ సంఖ్య కనీసం కోటి మేర పెరిగి తగ్గుతోందనీ లెక్కగట్టింది. అంత రాకపోకల్లో లిస్ట్‌ని తాజాగా ఉంచడమే ఒక పెద్ద పని. మూడు, ఒకే మనిషి వేల దొంగ నంబర్లు సృష్టించుకుని నెట్‌వర్క్‌లో చొరబడొచ్చు. దీన్ని సిబిల్ ఎటాక్ అంటారు.

బిట్‌టొరెంట్: కావాల్సినవాళ్లే పంచేవాళ్లు

వెతకడం సంగతి చూశాం. ఇప్పుడు ఫైల్ పంపడం. 2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్ తెచ్చాడు. ఫైల్‌ని చిన్న చిన్న ముక్కలు చేశాడు. మీకు ఒక ముక్క రాగానే, మిగతావి ఇంకా వస్తుండగానే, ఆ ముక్కని వేరేవాళ్లకి ఇవ్వడం మొదలుపెడతారు.

లెక్క వేద్దాం. కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్ట్‌లో కురోస్, రాస్ పుస్తకం చదివినవాళ్లకి ఇది తెలిసిన ఫార్ములానే. 5 జీబీ ఫైల్, అంటే 40 గిగాబిట్లు. సర్వర్ అప్‌లోడ్ 1 జీబీపీఎస్. ఒక్కో యూజర్ అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్. డౌన్‌లోడ్ స్పీడ్ సరిపడా ఉందనుకుందాం.

1,000 మందికి: సర్వర్ ఒక్కటే పంపితే 11 గంటలు. బిట్‌టొరెంట్‌లో గంట.
10,000 మందికి: సర్వర్‌తో నాలుగున్నర రోజులు. బిట్‌టొరెంట్‌లో 66 నిమిషాలు.
1,00,000 మందికి: సర్వర్‌తో 46 రోజులు. బిట్‌టొరెంట్‌లో ఇంచుమించు 67 నిమిషాలు.

మనుషులు 100 రెట్లు పెరిగారు, టైమ్ మాత్రం గంట నుంచి గంటా ఏడు నిమిషాలకే పెరిగింది. ఎందుకంటే కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ 40 గిగాబిట్ల పనితో పాటు 10 ఎంబీపీఎస్ బలం కూడా తెస్తున్నారు. మన ప్రశ్నకి ఇంత మంచి జవాబు ఇచ్చిన డిజైన్ ఇంకోటి లేదు.

అందుకే పెద్ద కంపెనీలు కూడా దీన్ని వాడుకున్నాయి. 2010లో ట్విట్టర్ తన వేల సర్వర్లకి కొత్త కోడ్ పంపడానికి బిట్‌టొరెంట్ ఆధారంగా మర్డర్ అనే టూల్ చేసింది. పేరు భయంకరంగా ఉంది కానీ ఇంగ్లిష్‌లో కాకుల గుంపుని అలాగే అంటారు. బ్లిజార్డ్ గేమ్ అప్‌డేట్లకి వాడింది. మీ విండోస్ పీసీలో డెలివరీ ఆప్టిమైజేషన్ అనే ఆప్షన్ కూడా ఇదే కోవలోది.

70 శాతం మంది ఏమీ ఇవ్వకపోతే?

పై లెక్కలో ఒక చిన్న మెలిక ఉంది. అందరూ అప్‌లోడ్ చేస్తారని అనుకున్నాం.

2000లో జిరాక్స్ పార్క్ రీసెర్చర్లు ఎయిటన్ అడార్, బెర్నార్డో హ్యూబర్‌మన్ గ్నూటెల్లాని గమనించారు. దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైల్ కూడా షేర్ చేయట్లేదు. వచ్చే జవాబుల్లో దాదాపు సగం, పైన ఉన్న 1 శాతం మంది నుంచే వస్తున్నాయి. సర్వర్ లేని నెట్‌వర్క్ అనుకున్నది, చూస్తే కొద్దిమంది పుణ్యాత్ములే సర్వర్లుగా నడుస్తోంది!

మన లెక్కలో 70 శాతం మంది అప్‌లోడ్ సున్నా చేస్తే, సగటు 10 నుంచి 3 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. 67 నిమిషాలు కాస్తా 3 గంటల 42 నిమిషాలు అవుతుంది. అంటే బిట్‌టొరెంట్ అసలు లిమిట్ యూజర్ల సంఖ్య కాదు, సగటు అప్‌లోడ్.

కోహెన్‌కి ఇది తెలుసు. అందుకే "నువ్విస్తే నేనిస్తా" అనే రూల్‌ని కోడ్‌లోనే పెట్టాడు. మీ యాప్ ప్రతి 10 సెకన్లకి ఒకసారి ఎవరు ఎక్కువ ఇస్తున్నారో చూసి వాళ్లకే తిరిగి ఇస్తుంది. కొత్తవాళ్ల దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు కాబట్టి, ప్రతి 30 సెకన్లకి ఒకసారి ఎవరో ఒకరికి ఉచితంగా అవకాశం ఇస్తుంది. ఎవరి దగ్గరా పెద్దగా లేని ముక్కని ముందు తెచ్చుకుంటుంది, అది అంతరించిపోకుండా.

అయినా ఒక చోట ఈ రూల్ పనిచేయదు. డౌన్‌లోడ్ పూర్తయ్యాక మీకు ఎవరి నుంచీ ఏమీ అక్కర్లేదు. యాప్ మూసేసి వెళ్లిపోతే అడిగేవాళ్లు లేరు. పాత టొరెంట్లు 99 శాతం దగ్గర ఆగిపోవడం చూసే ఉంటారు. చివరి ముక్క ఉన్న చివరి మనిషి యాప్ మూసేశారు, అంతే సంగతులు.

మన ఫోన్లలో ఎందుకు నడవదు?

ఈ వెబ్‌సైట్ చదివే మీ అందరికీ వచ్చే డౌట్: ఇప్పుడు ఫోన్లు అప్పటి కంప్యూటర్ల కంటే ఎన్నో రెట్లు పవర్‌ఫుల్, 5జీ కూడా వచ్చింది. మరి యాప్స్ అన్నీ పీర్ టు పీర్ ఎందుకు కాలేదు?

మన ప్రశ్నే మళ్లీ వేయండి. ఫోన్ చేరితే పని తెస్తుంది. బలం? అక్కడే సమస్య.

మొదటిది అడ్రస్. ఐపీవీ4 అడ్రస్‌లు చాలక, మొబైల్ కంపెనీలు ఎంతోమందిని ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెడతాయి. దీన్ని సీజీనాట్ అంటారు. మీరు బయటికి కనెక్ట్ అవ్వగలరు కానీ బయటివాళ్లు మీ ఫోన్ తలుపు తట్టలేరు. అలాంటి ఇద్దరు ఒకరినొకరు కలవాలంటే కొన్ని ట్రిక్స్ ఉన్నాయి, అన్ని నెట్‌వర్క్‌ల్లోనూ పనిచేయవు. ఐపీవీ6 వల్ల ఇది కొంత మెరుగవుతోంది.

రెండోది అప్‌లోడ్. 5జీలో స్పీడ్ టెస్ట్ కొడితే డౌన్‌లోడ్ నంబర్ చూసి మురిసిపోతాం. కింద ఉన్న అప్‌లోడ్ నంబర్ చూడండి, ఎంత తక్కువో. ఇందాకటి లెక్కలో టైమ్‌ని నిర్ణయించేది ఆ చిన్న నంబరే.

మూడోది బ్యాటరీ, డేటా. స్క్రీన్ ఆఫ్ అయిన కాసేపటికి ఆండ్రాయిడ్ బ్యాక్‌గ్రౌండ్ యాప్స్‌ని నిద్రపుచ్చుతుంది. రోజుకి 2 జీబీ ప్లాన్‌లో ఎవరో తెలియని మనిషికి అప్‌లోడ్ చేయడానికి ఎవరు ఒప్పుకుంటారు?

స్పాటిఫైనే చూడండి. మొదట్లో కంప్యూటర్ యాప్‌లో పాటలు పీర్ టు పీర్‌లో పంచుకునేలా చేసింది. ఫోన్ యాప్‌ని మాత్రం అందులో కలపలేదు. 2014లో కంప్యూటర్లలో కూడా దాన్ని తీసేసి పూర్తిగా సర్వర్లకి వెళ్లింది. వినేవాళ్లు ఫోన్‌కి మారేకొద్దీ, పంచేవాళ్లు తగ్గుతారు కదా.

మీరే చేసి చూడండి

ముందు ఒక మాట. పీర్ టు పీర్ టెక్నాలజీ నేరం కాదు. కాపీరైట్ ఉన్న సినిమాలు, పాటలు పర్మిషన్ లేకుండా పంచడం నేరం. పైగా టొరెంట్‌లో డౌన్‌లోడ్ చేస్తున్నామంటే అప్‌లోడ్ కూడా చేస్తున్నట్టే, మీ ఐపీ అడ్రస్ అందరికీ కనిపిస్తుంది. కాబట్టి లీగల్‌గా దొరికే ఉబుంటు ఐఎస్‌ఓ టొరెంట్‌తో ప్రయత్నించండి.

క్యూబిట్‌టొరెంట్ అనే ఓపెన్ సోర్స్ యాప్ వేసుకోండి. మొబైల్ డేటా మీద వద్దు, వైఫై మీద చేయండి. కింద స్టేటస్ బార్‌లో డీహెచ్‌టీ నోడ్స్ సంఖ్య కనిపిస్తుంది. సాధారణంగా కొన్ని వందలే ఉంటుంది. కోట్లమంది ఉన్న నెట్‌వర్క్‌లో ఎవరినైనా చేరడానికి మీకు ఆ కొన్ని వందల పరిచయాలు చాలు!

తర్వాత పీర్స్ ట్యాబ్ తెరిచి, ఎవరు మీకు ఇస్తున్నారు, మీరు ఎవరికి ఇస్తున్నారో చూడండి. అవైలబిలిటీ నంబర్ 1 కంటే తక్కువ ఉంటే, కనెక్ట్ అయిన అందరినీ కలిపినా పూర్తి ఫైల్ లేదని అర్థం. ఇంకో పని: రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే.

డౌన్‌లోడ్ అయ్యాక వెంటనే యాప్ మూసేయకండి. కనీసం మీరు తీసుకున్నంత తిరిగి ఇచ్చేదాకా ఉంచండి.

సార్‌కి ఇచ్చిన జవాబు

మా ప్రాజెక్ట్ సంగతి చెప్పి ముగిస్తాను. ఫ్లడింగ్ పూర్తిగా తీసేసి కాడెమ్లియా పద్ధతి పెట్టాం. డీహెచ్‌టీకి కచ్చితమైన పేరు కావాలి అన్నాను కదా, అక్కడ మా అదృష్టం కలిసొచ్చింది. సిలబస్ అందరికీ ఒకటే. సబ్జెక్ట్ కోడ్, యూనిట్ నంబర్ రెండూ మెనూలోంచి ఎంచుకునేలా పెడితే అదే కచ్చితమైన పేరు అయిపోయింది.

600 మందికి ఒక్క సెర్చ్‌కి 10 అడుగులు. అడగడం, జవాబు కలిపి 20 మెసేజ్‌లు. అందరూ ఒకేసారి కొట్టినా 12,000. ఫ్లడింగ్‌తో 60 మందికే 10,860 అయ్యేవి. పాత డిజైన్‌లో ఒక్క ఫ్లోర్‌కి అయ్యే ఖర్చుతో ఇప్పుడు హాస్టల్ మొత్తం నడుస్తుంది.

ఆ కాగితం సార్ ముందు పెట్టాం. చూసి నవ్వి, మళ్లీ ఒకటే అడిగారు: "పరీక్షలు అయిపోయాక అందరూ యాప్ తీసేస్తారు కదా, అప్పుడు?"

దానికి మాత్రం కోడ్‌లో జవాబు లేదు. మా రూమ్‌లో పాత ల్యాప్‌టాప్ ఒకటి, కీబోర్డ్ సగం పనిచేయనిది, రోజంతా ఆన్‌లో ఉంచి నోట్స్ అన్నీ అందులో పెట్టాం. ఏ నెట్‌వర్క్ అయినా చివరికి తీసుకున్నాక కూడా కాసేపు ఆగేవాళ్ల మీదే బతుకుతుంది.